పెద్దల్లుడి పక్క సీటు

పెద్దల్లుడికి విమానం నడపడం వచ్చు. ఇంజను చప్పుడు విని దాని ఆరోగ్యం చెప్పడం వచ్చు. మబ్బును చూసి వాన ఇప్పుడే పడుతుందా, కాసేపు బెదిరించి పోతుందా చెప్పడం వచ్చు. రానిదల్లా ఒక్కటే, తోడల్లుడి పచ్చ చూసి ఓర్చుకోవడం. ఆ విద్య ఏ ఫ్లయింగ్ క్లబ్బులోనూ నేర్పరు కాబట్టి ఆయన తప్పేమీ లేదని ఆయన నమ్మకం.

అత్తగారింట్లో అందరూ పెద్దల్లుడు అనే పిలుస్తారు గనక మనమూ అలాగే అందాం. విమానాశ్రయంలో మాత్రం ఆయన పేరు ‘సామాన్ల కెప్టెన్’. ఎనిమిది సీట్ల చార్టర్ విమానానికి ఆయనే కెప్టెన్, ఆయనే కో-పైలట్, ఆయనే ఎయిర్ హోస్టెస్. ప్రయాణికుల పెట్టెలు మోసి వెనక అరలో సర్దేదీ ఆయనే. ఇంధనం పట్టేటప్పుడు పక్కన నిలబడి మీటరు చూసేదీ, దిగాక సీట్ల మధ్య పడిన బిస్కెట్ పొడి ఊడ్చేదీ ఆయనే.

పొద్దున్నే బయల్దేరదామని చెప్పిన సిమెంటు కంపెనీ యజమాని ఎండెక్కాక వస్తాడు. అయిదుగురం అని చెప్పి ఏడుగురు దిగుతారు. పెద్దల్లుడు నమస్కారం పెడుతూనే ఒక్కొక్కరినీ తలనుంచి కాలిదాకా చూసి బరువు అంచనా వేసుకుంటాడు. అందరిలోకీ భారీగా ఉన్న యజమాని బాబాయిగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు సీట్లో కూర్చోబెడతాడు. విమానం తోక బరువెక్కకుండా ఉండడానికి చేసే పని అది. బాబాయిగారు మాత్రం అది తన పెద్దరికానికి జరిగిన మర్యాద అనుకుని తిరుగు ప్రయాణంలో కూడా తనే వెళ్ళి అక్కడ కూర్చుంటాడు.

సరిగ్గా ఆ సమయానికే కంచె అవతల రన్‌వే మీద పెద్ద ఎయిర్‌లైన్ విమానం లేస్తుంది. అందులో ఎడమ సీట్లో, అంటే కెప్టెన్ సీట్లో, కూర్చున్నది చిన్నల్లుడు. ఇస్త్రీ చెడని తెల్ల చొక్కా, భుజాన నాలుగు గీతలు. ఇంటి ముందుకి వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. వాతావరణం కాగితాలు ఒకరు చేతికిస్తారు, పెట్టెలు ఇంకెవరో ఎక్కిస్తారు, కాఫీ మరెవరో తెస్తారు. ఆ విమానం మబ్బుల్లో కలిసేదాకా పెద్దల్లుడు పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోతాడు. కడుపులో మంట మొదలవుతుంది. దానికి మందు లేదని ఆయనకి తెలుసు, అయినా జేబులో గ్యాస్ మాత్రలు పెట్టుకుని తిరుగుతాడు.

అసలు ఈ సంబంధం తెచ్చింది ఆయనే. అప్పట్లో చిన్నల్లుడు క్లబ్బులో విమానాలు కడిగి, బదులుగా నాలుగు గంటలు ఎగరడం నేర్చుకునే కుర్రవాడు. నోట్లో నాలుక లేనివాడు. “అన్నయ్యా, ఎదురుగాలిలో దిగేటప్పుడు ముక్కు ఎంత ఎత్తాలి?” అంటూ వెంట తిరిగేవాడు. పెద్దల్లుడు ముచ్చటపడి, మావయ్యగారి దగ్గరికి స్వయంగా తీసుకెళ్ళి, “చిన్నమ్మాయికి ఇంతకంటే నెమ్మదైనవాడు దొరకడు” అని పూచీ పడ్డాడు. పెళ్ళయిన ఏడాదికి ఆ కుర్రవాడికి ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం వచ్చింది. ఏకులా వచ్చినవాడు మేకై కూర్చున్నాడు. కొరివితో తల గోక్కున్నది తనే గనక పెద్దల్లుడికి ఎవరినీ తిట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది.

పైకి మాత్రం బింకం తగ్గలేదు. “నీది బస్సు డ్రైవరు ఉద్యోగంరా తమ్ముడూ. అదే ఊరు, అదే దారి, అదే గంట. నాది చూడు, ఇవాళ ఎక్కడికెళ్తానో పొద్దున లేచేదాకా నాకే తెలీదు!” అనేవాడు.

“నిజమే అన్నయ్యా. మీరు దిగిన గడ్డి మైదానాల్లో నేను దిగలేను. కాకపోతే బస్సు డ్రైవరుకి సాయంత్రం ఇంటికెప్పుడెళ్తాడో తెలుస్తుంది” అని చిన్నల్లుడు నవ్వేవాడు. ఆ నవ్వులో ఎగతాళి ఎక్కడుందా అని పెద్దల్లుడు ఎంత వెతికినా దొరికేది కాదు. దొరక్కపోవడంతో ఇంకా మండేది.

అత్తగారి ఇంట్లో నెలకోసారి అందరూ కలిసి భోంచెయ్యడం అలవాటు. వచ్చే నెల ఎప్పుడు కలుద్దామని ఆవిడ అడిగితే చిన్నల్లుడు ఫోను తీసి, తన డ్యూటీల రోస్టరు చూసి, ఫలానా ఆదివారం అని చెప్పేవాడు. చెప్పిన రోజుకి చెప్పినట్టు వచ్చేవాడు. పెద్దల్లుణ్ణి అడిగితే “చూద్దాం అత్తయ్యా” అనేవాడు. వచ్చినా, విస్తరి ముందు కూర్చోగానే ఫోను మోగేది. సిమెంటు యజమాని మేనకోడలికి రైలు తప్పిపోయిందట, లేకపోతే ఎవరో నాయకుడు ఉన్నట్టుండి ఎక్కడికో ఎగరాలట. చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు.

“చిన్నల్లుడి మాట గడియారమమ్మా!” అని అత్తగారు వెనకనుంచి అనడం గుమ్మం దాటుతుండగా వినిపించేది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కాని పుండు మీద కారం ఎక్కడ పడుతుందో చూసుకుని మాట్లాడే అలవాటు ఆవిడకి లేదు.

ఇలా ఉండగా ఎయిర్‌లైన్ వాళ్ళు కొత్తగా పైలట్లను తీసుకుంటున్నామని ప్రకటించారు. చార్టర్‌లో అనుభవం ఉన్నవాళ్ళయినా ఫరవాలేదన్నారు. చిన్నల్లుడే ఆ కబురు మోసుకొచ్చాడు. ఈసారి కాకపోతే పెద్దల్లుడి వయసుకి మళ్ళీ పిలవరన్న సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనలేదు.

చిన్నల్లుడు చంకలో చుట్టగా చుట్టిన పెద్ద కాగితం తెచ్చాడు. విప్పి గోడకి అంటిస్తే అందులో కాక్‌పిట్ మొత్తం ఉంది. ప్రతి మీటరూ, ప్రతి మీటా అసలు కొలతల్లో. దాని ముందు రెండు కుర్చీలు వేసుకుని, గాల్లో చేతులాడిస్తూ సాధన చేస్తారు ఎయిర్‌లైన్‌లో చేరాలనుకునేవాళ్ళు.

“అన్నయ్యా, ఒక్క మాట. మీరు బాగా నడుపుతారా లేదా అని వాళ్ళు పెద్దగా చూడరు. పక్కవాడితో కలిసి నడుపుతారా లేదా అని చూస్తారు. చక్రాలు ఎత్తాలంటే మీరు మీట ముట్టుకోకూడదు. ఎత్తమని అడగాలి, పక్కాయన ఎత్తాలి. నేను పక్కన కూర్చుంటాను, రెండు రోజులు చేద్దామా?”

“నీ దగ్గర నేర్చుకోవాలా?” అని నాలుక చివరిదాకా వచ్చింది. “నీకెందుకులే శ్రమ, నేను చూసుకుంటాను” అని మాత్రం అన్నాడు.

పక్క కుర్చీలో చివరికి భార్య కూర్చుంది. చెక్‌లిస్టు కాగితం పట్టుకుని ఒక్కొక్క మాటా చదవడం ఆవిడ పని. ఆవిడ చదివేలోపలే ఈయన చెయ్యి కాగితం మీదున్న మీట దగ్గరికి వెళ్ళిపోయేది. నాలుగోసారి ఆవిడ కాగితం ఒళ్ళో పడేసింది.

“నేనెందుకండీ ఇక్కడ? పెళ్ళయినప్పట్నుంచీ ఇదేగా మీ వరస! కూర్చోమంటారు, అడగరు. అన్నీ మీరే చేసేస్తారు, తర్వాత అన్నీ నేనే చేస్తున్నానని విసుక్కుంటారు.”

“అలవాటే!” అన్నాడు ఆయన.

“నా చెయ్యి ఖాళీగానే ఉంది. అడగండి.”

ఆ వారమంతా ఆ ఇంట్లో వింత సంభాషణలు జరిగాయి. “చక్రాలు పైకి” అని ఆయన గోడ వైపు చూసి అనడం, ఆవిడ ఒక చేత్తో తల దువ్వుకుంటూ రెండో చేత్తో కాగితం మీద మీట ఎత్తడం. పాలవాడు ఒకసారి తొంగి చూసి, బిందె అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

రాత పరీక్ష గట్టెక్కాడు. ఇంటర్వ్యూలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన అడిగాడు. “ఇన్నేళ్ళు మీ విమానానికి మీరే రాజు. ఇక్కడ కుడి సీట్లో కూర్చుని, మీకంటే చిన్నవాడైన కెప్టెన్ మాట వినాలి. వినగలరా?”

పెద్దల్లుడి కళ్ళ ముందు చిన్నల్లుడి తెల్ల చొక్కా కదిలింది. “తప్పకుండా వింటానండీ” అన్నాడు. నాలుక ఒప్పుకుంది గాని కడుపు ఒప్పుకోలేదు.

మిగిలింది సిమ్యులేటర్ పరీక్ష. సిమ్యులేటర్ అంటే ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన పెద్ద డబ్బా. లోపల అంతా నిజం విమానమే, ఎగరడం ఒక్కటే అబద్ధం. అభ్యర్థులను ఇద్దరిద్దరుగా పంపుతారు. ఒకరు నడుపుతుంటే రెండోవారు పక్క సీట్లో సాయం చెయ్యాలి, తర్వాత తారుమారు. పెద్దల్లుడికి జోడీగా వచ్చింది ఒక అమ్మాయి. బిగించి అల్లిన జడ, నీలం రంగు ఫైలు, ప్రతి మాటకీ ముందొక ‘సార్’. ఈ మధ్యే శిక్షణ పూర్తి చేసిందట. వయసు చూస్తే ఆయన అనుభవం అంత కూడా లేదు. ఈ పిల్లకి ఉద్యోగం వస్తే ఇక ముప్పై ఏళ్ళు తెల్ల చొక్కా వేసుకుంటుంది కదా అనుకున్నాడు. పావుగంట కిందట పరిచయమైన పిల్ల మీద కూడా కళ్ళల్లో నిప్పులు పోసుకోగలగడం ఆయనకే చెల్లింది.

ముందు నడిపింది ఆయనే. విమానం నేల విడిచింది. కుడి చెయ్యి అలవాటు కొద్దీ చక్రాల మీట వైపు సగం దూరం వెళ్ళింది. భార్య మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకుని, “చక్రాలు పైకి” అన్నాడు. అమ్మాయి ఎత్తింది. ఆ గర్వంతో ఒక్క క్షణం మీటరు మీదనుంచి చూపు తప్పింది. ఆగాల్సిన ఎత్తు దాటబోతున్నాడు.

“సార్, ఎత్తు!” అంది అమ్మాయి వెంటనే.

సర్దుకున్నాడు. చక్కగా దించాడు కూడా. వెనక కూర్చున్న పరీక్షాధికారి ఏదో రాసుకున్నాడు. అమ్మాయికి థాంక్స్ చెప్పాలని పెద్దల్లుడికి తోచలేదు.

తర్వాత ఆమె వంతు. సున్నితంగా లేపింది. అసూయ పడేంత సున్నితంగా. పెద్దల్లుడు వెంటనే అసూయ పడ్డాడు కూడా. కాసేపటికి పరీక్షాధికారి కంట్రోల్ టవర్ గొంతు పెట్టి, ఎడమకి తిరగమన్నాడు. ఆమె “సరే” అని, కుడికి తిప్పడం మొదలుపెట్టింది.

పెద్దల్లుడు చూశాడు. ‘అమ్మా, ఎడమ’ అంటే చాలు, రెండు మాటలు. నోరు తెరిచాడు కూడా. కాని లోపల ఇంకో గొంతు ముందుగా మాట్లాడింది. పోనీ, తిరగనీ. తప్పు ఆమెది. పరీక్షాధికారి చూస్తున్నాడు కదా, చూడనీ. ఒక ఊపిరి ఆగాడు. ఇంకో ఊపిరి. విమానం కుడికి వాలిపోతూనే ఉంది.

పరీక్షాధికారి మీట నొక్కాడు. బయట కనిపించే ఆకాశం ఉన్నచోటే నిలిచిపోయింది. ఆయన కోప్పడలేదు.

“అమ్మాయి పొరపడింది, సరే. కంగారులో ఎవరైనా పొరపడతారు, అందుకే రెండో మనిషిని పెట్టారు. మీరు చూశారా?”

చూడలేదని చెప్పొచ్చు. కాని తను నోరు తెరవడం, మూయడం ఆయన చూసే ఉంటాడని పెద్దల్లుడికి అర్థమైంది.

“చూశానండీ.”

“మరి చెప్పలేదే?”

ఉన్న జవాబు చెప్పుకునేది కాదు.

“ఆమె అలాగే తిరిగి కొండకి కొట్టుకుంటే మీరెక్కడ ఉంటారు?”

“పక్కనే ఉంటానండీ” అన్నాడు పెద్దల్లుడు.

అంతే. పరీక్ష ముగిసింది. ఆ అమ్మాయిని తీసుకున్నారు, ఈయన్ని తీసుకోలేదు. బయట వరండాలో ఆ పిల్ల, “సార్, నా వల్లే మీకు...” అని ఏదో క్షమాపణ చెప్పబోయింది. తల పగలగొట్టుకోవాలనిపించింది ఆయనకి.

అత్తగారితో “వాళ్ళకి వయసు నచ్చలేదట” అన్నాడు. భార్యకి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

“ఆ పిల్ల మీకేం చేసింది?”

“నేను తప్పు చేస్తుంటే చెప్పింది.”

ఆవిడ గోడ మీది కాగితం ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, బీరువా మీద పెట్టింది. చేతులు కాలాక ఆకులెందుకని పెద్దల్లుడు అటువైపు చూడలేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ సిమెంటు యజమాని పెట్టెలు మోశాడు.

మరుసటి నెలలో ఒక ఆదివారం. మధ్యాహ్నం అత్తగారింట్లో భోజనాలు. చిన్నల్లుడు పొద్దున ఒక ఊరు వెళ్ళి రావడం, వచ్చి భోజనానికి కూర్చోవడం, అంతా రోస్టరులో లెక్క ప్రకారం ఉంది. పెద్దల్లుడు తన చిన్న విమానంలో కూర్చుని, రేడియో పెట్టుకుని, ఎప్పటిలాగే ఇంకా రాని ప్రయాణికుల కోసం ఎదురుచూస్తున్నాడు. రేడియోలో చిన్నల్లుడి గొంతు వినిపించింది, రన్‌వే వైపు కదలడానికి అనుమతి అడుగుతూ. ఆ గొంతు కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది.

పెద్ద విమానం ఆయన ముందునుంచే మెల్లగా సాగిపోతోంది. అలవాటు కొద్దీ పెద్దల్లుడి చూపు దాని ఒళ్ళంతా తడిమింది. పొట్ట కింద, ముందు చక్రాలకి కాస్త వెనకగా, చిన్న మూత ఒకటి సరిగా పడలేదు. గాలికి తలుపు రెక్కలా ఆడుతోంది. లోపలున్నవాళ్ళకి కనబడే చోటు కాదు.

ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు. గాల్లోకి వెళ్ళాక ఊడి ఎక్కడో పడుతుంది. వెనక్కి రావాల్సొస్తుంది. విచారణ ఉంటుంది. ‘గడియారం’ ఒకసారి తప్పు గంట కొడుతుంది. పెద్దల్లుడి లోపలి గొంతు మళ్ళీ మొదలెట్టింది. పోనీ.

అది ఆ మాట పూర్తిచేసేలోపల ఆయన వేలు మైకు నొక్కేసింది. “టవర్, ముందు వెళ్తున్న విమానానికి పొట్ట కింద మూత తెరుచుకుని ఉంది. ఆపండి.”

విమానం ఆగింది. చుట్టూ తిరిగి వెనక్కి బయల్దేరింది. నిజం చెప్పుకోవాలంటే, అది అలా తోక తిప్పుకుని వెనక్కొస్తుంటే పెద్దల్లుడికి లోలోపల కాస్త హాయిగా కూడా అనిపించింది. చెప్పింది మంచికే, హాయి మాత్రం పాతదే. మనిషి కడుపు ఒక్కరోజులో కడిగితే శుభ్రమయ్యే పాత్ర కాదు.

కాసేపటికి సిమెంటు యజమాని ఫోను చేసి ఇవాళ ప్రయాణం లేదన్నాడు. దాంతో చరిత్రలో మొదటిసారి పెద్దల్లుడు భోజనానికి ముందు వచ్చాడు, చిన్నల్లుడు రాలేదు. వంటలు చల్లారాయి. మరదలు మొగుడితో ఫోనులో మాట్లాడి వచ్చి, “బావగారు టవర్‌కి చెప్పి ఆపించారటమ్మా. మరమ్మతు చేసి బయల్దేరేసరికి ఆలస్యమైందట” అంది.

అత్తగారి చూపు పెద్దల్లుడి మీద ఆగిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. భార్య మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టి అక్కడే నిలబడింది.

సాయంత్రం అవుతుండగా చిన్నల్లుడు వచ్చాడు. చొక్కాకి చెమట, మొహాన అలసట. అందరూ అప్పుడు భోజనాలకి కూర్చున్నారు. తోడల్లుళ్ళిద్దరికీ పక్కపక్కనే వడ్డించారు. అత్తగారు వడ్డిస్తూ వడ్డిస్తూ, గరిటె గిన్నెలో వదిలేసి అనేశారు.

“నలుగురిలో అనకూడదు గాని బాబూ, ఉద్యోగం రాలేదన్న ఉక్రోషం పెద్దల్లుడుగారికి ఇంత ఉంటుందనుకోలేదు. ఉద్యోగం వచ్చినవాడి విమానం ఆపిస్తారా ఎవరైనా?”

పెద్దల్లుడు అన్నం వైపు చూస్తూ కూర్చున్నాడు. కాదని తనెలా అంటాడు? ఉక్రోషం కానిది ఈ ఒక్కసారే, మిగతా అన్నిసార్లూ అదే మరి. ఆవిడ తప్పుదారిన తిరుగుతోంది. కాదనగలిగినవాడు ఒక్కడే, పక్కన కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు వాడు ఒక్క ఊపిరి ఆగితే చాలు, నా పాపం నాకు సరిపోతుంది అనుకున్నాడు పెద్దల్లుడు.

“తప్పు అత్తయ్యా, అలా అనకండి!” ఆవిడ మాట గాల్లో ఉండగానే అన్నాడు చిన్నల్లుడు. “మూత తెరుచుకుని ఉంది. మా వాళ్ళెవరూ చూడలేదు, నేనూ చూసుకోలేదు. అన్నయ్య చెప్పబట్టి నూట ఎనభైమందిమి నేల మీద ఉండగానే తెలిసింది. నా విస్తరి తర్వాత, ముందు అన్నయ్యకి వడ్డించండి.”

అత్తగారు నాలుక కరుచుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, పెద్దల్లుడి విస్తట్లో వద్దన్నా రెండేసి గరిటెలు వడ్డించారు. భార్య గ్లాసు నింపి పక్కకి జరిగింది.

పెద్దల్లుడు ముద్ద కలుపుతూ తోడల్లుడి వైపు చూశాడు. రెండు ఊపిరుల సేపు తను ఆగిన చోట వీడు అర ఊపిరి కూడా ఆగలేదు. తెల్ల చొక్కా, రోస్టరు, వ్యాను, అన్నిటికీ ఇన్నాళ్ళూ ఏడ్చాడు. వాటన్నిటికంటే ఎక్కువగా ఇప్పుడు ఈ ఒక్కదానికి, తమ్ముడి నోరు అంత తొందరగా తెరుచుకున్నందుకు, ఆయనకి అసూయ కలిగింది.